ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు



నేను తెలుగు పండితుణ్ణి. చరిత్ర నా విషయం కాదు. అయినా చాలా ఏళ్ల క్రితం సాంఘికశాస్త్రోపాధ్యాయులు సెలవులో ఉండగా, ఒకనాడు రెండవ ప్రపంచయుద్ధం పాఠం నేనే చెప్పవలసి వచ్చింది. పెర్ల్ హార్బరు, స్టాలిన్‌గ్రాడ్, హిరోషిమా అంటూ పుస్తకంలోని క్రమాన్నే అనుసరించాను. వెనుక వరుసలోని పిల్లవాడొకడు లేచి, "మా తాతమ్మ రంగం నుంచి నడిచొచ్చిన యుద్ధం ఇదేనాండీ?" అని అడిగాడు. "అది పాఠంలో లేదు, కూర్చో" అన్నాను. ఆనాడు ఇవ్వలేకపోయిన జవాబును ఇప్పుడు వ్రాస్తున్నాను.

మన పెద్దలు రంగమన్నది అప్పటి బర్మా రాజధాని రంగూనును. మా ద్రాక్షారామానికి చేరువలోనే గోదావరీ ముఖద్వారాన కోరంగి ఉన్నది. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవును ధ్వంసం చేశాయి. రేవు చెడినా పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువారందరికీ 'కోరంగీలు' అన్నదే పేరు. రంగూను రేవులో ఓడల సరుకు దించినవారిలో అత్యధికులు వారే. 1930 మే నెలలో అక్కడ చెలరేగిన అల్లర్లకు మూలం వారి సమ్మెయే. కూలిపనితో పాటు 'కోరంగి' అన్న ఈసడింపును కూడా వారు మోశారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించాయి. 25న మరల వచ్చాయి. రేవు కూలీలు వేలాదిగా పారిపోయారు. 1942 మార్చి 8న నగరం జపాను వశమైంది. ఓడలో చోటు దొరకనివారు కాలినడకన బయలుదేరారు. కొందరు ప్రోము, టాంగూపు కనుమ మీదుగా అక్యాబుకు, అక్కడి నుండి చిట్టగాంగుకు చేరారు. కొందరు మాండలే నుండి టాము దాటి ఇంఫాలు చేరారు. ఆ దారులలో కలరా, మలేరియా, ఆకలి కాచుకొని ఉన్నాయి. నాలుగు లక్షలకు పైగా భారతీయులు స్వదేశం చేరారు. దారిలో రాలిపోయినవారిని కచ్చితంగా లెక్కించినవారు లేరు.

రంగూను చిక్కాక బర్మాలోని తన సేనకు సముద్రమార్గాన సరఫరాలు పంపడం జపానుకు అవసరమైంది. అందుకు బంగాళాఖాతంలో బ్రిటిషు నౌకలు ఉండరాదు. ఏప్రిల్ 4న సింహళానికి ఆగ్నేయంగా వస్తున్న నగుమో నౌకాదళాన్ని, కెనడా వైమానికుడు బిర్చాల్ నడుపుతున్న విమానం కనిపెట్టింది. 5న, ఈస్టరు ఆదివారం నాడు, కొలంబోపై దాడి జరిగింది. డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూజర్లు మునిగాయి. 6న, సోమవారం, ఒజావా దళంలోని విమానవాహక నౌక 'ర్యూజో' నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అది చిత్రభాను సంవత్సరం, చైత్ర బహుళపక్షం. భీమేశ్వరాలయానికి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరాన యుద్ధం! ఆ కొద్ది రోజులలోనే ఒజావా దళం మన తూర్పు తీరం పొడవునా ఇరవైకి పైగా వాణిజ్య నౌకలను ముంచివేసింది. 9న ట్రింకోమలీపై దాడి జరిగింది. 'హెర్మిస్' అనే బ్రిటిషు విమానవాహక నౌక మునిగింది.

శత్రువు నేడో రేపో దిగుతాడన్న భయంతో తీరమంతా కంపించింది. మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను లోతట్టు ఊళ్లకు తరలించింది. అయితే సేనలను దింపడం ఆ దాడి ఉద్దేశం కాదు. ఆ నౌకలు వచ్చిన దారినే మరలిపోయాయి. కాకినాడపై బాంబులు వేసిన 'ర్యూజో' ఆ ఆగస్టు 24ననే సోలమన్ దీవుల చెంత అమెరికా విమానాల దెబ్బకు మునిగింది.

సైనిక చరిత్రలలో ఏ నౌక ఏ తేదీన మునిగిందో, దాని బరువెన్ని టన్నులో ఉన్నది. కాకినాడకు అందులో ఒక పంక్తి దక్కింది. అడవిదారిలో బిడ్డను చంకనెత్తుకొని నడిచిన కోరంగి తల్లికి ఆ పంక్తి కూడా దక్కలేదు. మన తీరానికి యుద్ధం తెచ్చిన పెద్ద నష్టం రేవు మీద పడిన బాంబులలో లేదు. ఆ నడకలో ఉన్నది.

నాయనా, నీవెక్కడున్నావో! అవును, మీ తాతమ్మ నడిచి వచ్చిన యుద్ధం అదే. పాఠంలో లేకపోవడం ఆమె తప్పు కాదు. నిన్ను కూర్చోమనడం మాత్రం నా తప్పే.