ముందు ఏ పని? ముద్రణాలయంలో జాన్సన్ సూత్రం

యంత్రాలు, సిబ్బంది, పనులు ఏవీ మారకుండానే, వరుస ఒక్కటి మార్చి మొత్తం సమయాన్ని తగ్గించవచ్చు. రెండు యంత్రాల మీదుగా ఒకే క్రమంలో సాగే పనులకు అత్యుత్తమ వరుసను కనుగొనే సూత్రాన్ని 1954లో అమెరికా గణితవేత్త ఎస్.ఎం. జాన్సన్ ప్రకటించారు.

ముద్రణాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. బడిపిల్లల అభ్యాస పుస్తకాలకు అచ్చు 5 గంటలు, బైండింగ్ 2 గంటలు. నవలలకు 4, 4. గట్టి అట్టల ఖాతా పుస్తకాలకు 1, 6. ఇదే వరుసలో చేపడితే బైండింగ్ విభాగం తొలి 5 గంటలూ ఖాళీ. అన్నీ పూర్తికావడానికి 19 గంటలు పడుతుంది.

జాన్సన్ పద్ధతిలో అన్నింటికన్నా తక్కువ సమయాన్ని గుర్తించాలి. అది అచ్చుదైతే ఆ పని మొదటికి, బైండింగుదైతే చివరికి చేరుతుంది. మిగిలిన పనులకూ ఇదే తీరు. అప్పుడు ఖాతా పుస్తకాలు, నవలలు, అభ్యాస పుస్తకాలు అనే వరుస ఏర్పడి, 13 గంటల్లోనే అన్నీ ముగుస్తాయి.

అయితే ఈ సూత్రం గడువులను పట్టించుకోదు. మొదటి వరుసలో 7 గంటలకే సిద్ధమయ్యే అభ్యాస పుస్తకాలు ఇప్పుడు 13 గంటలకు గానీ చేతికి రావు. మర్నాడే బడులు తెరుస్తారనుకుంటే, మిగిలిన 6 గంటలు యజమానికి లాభమే కానీ పిల్లలకు కాదు. యంత్రం ఒక్కటే ఉన్నచోట, గడువు దగ్గరపడిన పనిని ముందు చేపడితే గరిష్ఠ జాప్యం అతి తక్కువగా ఉంటుందని 1955లో జె.ఆర్. జాక్సన్ చూపారు.

10 పనులను 36,28,800 వరుసల్లో అమర్చవచ్చు. యంత్రాలు రెండైతే జాన్సన్ సూత్రం ఆ వెతుకులాటను తప్పిస్తుంది. మూడైతే, అన్ని సందర్భాలకూ సరిపోయే అంత తేలికైన సూత్రం నేటికీ లేదు.