ఓరుగల్లు రాతినేల, పులిజూదం

పులిజూదం ఇద్దరు ఆడే ఆట. ఒకరి చేతిలో 3 పులులు, రెండోవారి చేతిలో 15 మేకలు. పులి-మేక అని కూడా అంటారు. పటం గీయడానికి సుద్దముక్కో బొగ్గుముక్కో చాలు. పైన ఒక కొన, అక్కడి నుంచి కిందికి విచ్చుకునే 4 గీతలు, వాటి అడుగులను కలిపే ఒక అడ్డగీత. నడుమ ఇరుపక్కలా బయటికి పొడుచుకొచ్చే మరో 3 అడ్డగీతలు, వాటి చివరలను కలుపుతూ చెరోవైపు ఒక నిలువుగీత. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. మేకలకు చింతగింజలు, పులులకు కాస్త పెద్ద రాళ్లు.

ముందు పులులు దిగుతాయి: సాధారణంగా ఒకటి కొనలో, రెండు దాని కిందే. మేకలు ఎత్తుకొకటి చొప్పున వస్తాయి. 15 మేకలూ వచ్చేదాకా ఏ మేకా చోటు మారకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ తిరుగుతుంది. పక్కనున్న మేక మీదుగా ఖాళీ చోటికి దూకితే ఆ మేక చచ్చినట్టే. మేకలకు దూకే హక్కు లేదు. పులులను కదలనివ్వకుండా కట్టేయడమే వాటి గెలుపు. ఒక్క మేకా పోకుండా అన్నీ దిగితే పటంలో మిగిలే ఖాళీలు 5. ఆట కిటుకంతా ఈ లెక్కలో ఉంది. ఖాళీలు తగ్గేకొద్దీ బలం పులి చేతి నుంచి మంద చేతికి జారిపోతుంది. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టో ఊరిని బట్టి మారుతుంది కాబట్టి పొరుగూరివాళ్లతో కూర్చుంటే ముందే ఆ మాట తేల్చుకోవాలి.

పేరులో జూదం ఉన్నా ఇందులో పాచికలు లేవు, గవ్వలు లేవు. ఓడినవాడు అదృష్టాన్ని తిట్టుకునే వీలు లేదు.

ఈ ఆట ఎంత పాతది? కాకతీయుల రాజధాని ఓరుగల్లు వినోదాలకు సాహిత్యంలో మంచి సాక్ష్యమే ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ‘క్రీడాభిరామం’లో ఇద్దరు మిత్రులు ఆ నగరవీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు, కోడిపందేలు, పొట్టేళ్ల పోట్లాటలు చూస్తారు. కవి కన్ను సహజంగానే జనం గుమికూడే చోటికి పోయింది. అరుగు మీద ఇద్దరు తలలు వంచుకుని ఆడే ఆటకు ప్రేక్షకులు తక్కువ, రాసేవాళ్లు ఇంకా తక్కువ. జనం ఆటపాటలను కూడా చరిత్రగా చూసిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వచ్చింది 20వ శతాబ్దంలో. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే దక్కింది.

రాతి సాక్ష్యంతో మరో చిక్కు ఉంది. హంపి వంటి చోట్ల మండపాల నేల మీద ఆటపటాలు చెక్కి కనిపిస్తాయి. నేల వయసు శాసనం చెబుతుంది, గీత వయసు చెప్పదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. అలాంటి పాత గుడి నేల మీద గీత కనిపిస్తే, శిల్పులు గీసిందో, ఉత్సవానికొచ్చిన భక్తులు గీసిందో, వందల ఏళ్ల తర్వాత ఎండకు తాళలేక నీడకు చేరిన పశులకాపరులు గీసిందో గీతను చూసి తేల్చడం కష్టం. గుడి కట్టిన ఏడాదే ఆట పుట్టిన ఏడాదని రాసేయడం తొందరపాటు.

ఇలా సమానం కాని రెండు పక్షాల ఆటలు ఇతర చోట్లా ఉన్నాయి. తమిళనాట ఇదే ఆట ఆడు పులి ఆట్టం. నేపాల్ బాఘ్‌చాల్‌లో 25 చోట్ల మీద 4 పులులు, 20 మేకలు. ఉత్తర ఐరోపాలో లాప్లాండ్ ప్రజలు ఆడే తబ్లూత్‌ను 1732లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తన యాత్రా దినచర్యలో రాసుకున్నాడు. అందులో రాజును, అతని 8 మంది రక్షకులను 16 మంది చుట్టుముడతారు.

వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టం ప్రకారం అక్కడి రాతిని చెక్కడం నేరం. కొత్త పటాలకు ఇంటి అరుగు, రచ్చబండ, ఈమధ్య ఫోన్ తెర.