అర్‌ఫజా ముక్కు నుండి పంది గుండె వరకు: ప్రాణరక్షణలో షరీఅత్ చూపిన దారి

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక!

విశ్వాస సోదరులారా! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మస్జిదులలో జుమా నమాజు ముగిశాక కొందరు ఒక సందేహాన్ని అడుగుతుంటారు. "హజ్రత్! అబ్బాజాన్‌కు గుండె వాల్వు మార్చాలంటున్నారు. అది పందిదట. వేయించవచ్చునా?" అని ఒకరు, "డయాలిసిస్‌లో ఇచ్చే మందు పంది పేగుల నుండి తీస్తారట, నిజమేనా?" అని మరొకరు. ఈ సందేహానికి మూలం దైవభీతి, అది అభినందనీయమే. అయితే ఎవరినీ అడగకుండా చికిత్సనే మానుకుంటే ప్రాణానికి ముప్పు. అందుచేత ఈ విషయంలో మన పెద్దలు నడిచిన దారిని తెలుసుకోవడం అవసరం.

ఈ ప్రశ్న కొత్తది కాదు. హజ్రత్ అర్‌ఫజా బిన్ అస్అద్ (రజి) ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు చేయించుకుంటే అది దుర్వాసన వేయసాగింది. అప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆయనను బంగారు ముక్కు పెట్టుకోమని ఆదేశించారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఈ ఉదంతం ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమని బోధించిన ప్రవక్తే, శరీరావసరం ఏర్పడినప్పుడు దానిని అనుమతించారు.

ఆ వెలుగులోనే ధర్మవేత్తలు ముందుకు సాగారు. హిజ్రీ 189లో మరణించిన హనఫీ ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) గొర్రె, ఆవు, ఒంటె వంటి జంతువుల ఎముకలతో చికిత్స చేయడంలో దోషం లేదన్నారు. పంది ఎముకను, మనిషి ఎముకను మాత్రం మినహాయించారు. ఔరంగజేబు కాలంలో మన దేశంలోనే సంకలనమైన ఫతావా ఆలంగీరీ ఈ అభిప్రాయాన్ని నమోదు చేసింది. హిజ్రీ 676లో మరణించిన షాఫిఈ ఇమామ్ నవవీ (రహ్మలై) మరో అడుగు వేశారు. విరిగిన ఎముకను అతికించడానికి పరిశుద్ధమైనది దొరకనప్పుడు అపరిశుద్ధమైనది వాడినవాడు క్షమార్హుడన్నారు.

నిషిద్ధమైన వాటితో వైద్యం చేసుకోవద్దన్న హదీసు ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ధర్మసమ్మతమైన మందు దొరికే పరిస్థితికి ఆ హదీసు వర్తిస్తుందని అనేకమంది ధర్మవేత్తలు వివరించారు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 173వ వాక్యం చచ్చిన జంతువును, రక్తాన్ని, పంది మాంసాన్ని నిషేధిస్తూనే, కోరికతో గాక, హద్దు మీరక, గత్యంతరం లేక వాడినవానిపై పాపం లేదని తెలుపుతోంది.

ఇక ఆధునిక వైద్య చరిత్ర చూడండి. 1906లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జబులే అనే శస్త్రవైద్యుడు పంది, మేక మూత్రపిండాలను ఇద్దరు రోగులకు అమర్చాడు, రెండూ విఫలమయ్యాయి. 1984లో కాలిఫోర్నియాలో బేబీ ఫే అనే పసికందుకు బబూన్ కోతి గుండె అమర్చగా, ఆ బిడ్డ ఇరవై రోజులకు మరణించింది. 1997 జనవరిలో మన దేశంలోనే, అస్సాంలోని సోనాపూర్‌లో డాక్టర్ ధనీరామ్ బారువా ఒక రోగికి పంది గుండె అమర్చారు. రోగి ఏడు రోజులు మాత్రమే జీవించాడు. వైద్యుడు 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం కింద అరెస్టయి నలభై రోజులు జైలులో ఉన్నారు.

2022 జనవరి 7న అమెరికాలోని మేరీలాండ్‌లో, పది జన్యు మార్పులు చేసిన పంది గుండెను డేవిడ్ బెన్నెట్‌కు అమర్చారు. ఆ పరిశోధనకు నాయకత్వం వహించినవారిలో కరాచీలో వైద్యవిద్య అభ్యసించిన డాక్టర్ ముహమ్మద్ మొహియుద్దీన్ ఒకరు. రోగి రెండు నెలలు జీవించాడు. ఆ గుండెలో పందికి సంబంధించిన ఒక వైరస్ జాడలు తరువాత బయటపడ్డాయి. 2024 మార్చిలో బోస్టన్‌లో పంది మూత్రపిండం అమర్చిన రోగి కూడా సుమారు రెండు నెలలకే మరణించాడు. అయితే ఆ మరణానికి అవయవమే కారణమన్న సూచన లేదని ఆసుపత్రి ప్రకటించింది.

ఈ చరిత్ర మనకు కొన్ని షరతులను గుర్తు చేస్తోంది. రోగికి లాభనష్టాలు దాచకుండా చెప్పి, అతని సమ్మతి పొందాలి. ఎందుకంటే శరీరం అల్లాహ్ అప్పగించిన అమానతు. ఒకరిని కాపాడబోయి సమాజానికి కొత్త వ్యాధి అంటించరాదు. జంతువును అనవసరంగా హింసించరాదు. పిల్లిని ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైన సంగతి హదీసులో విన్నాం కదా! చట్టాన్ని దాటి ప్రయోగాలు చేయరాదు.

1989లో మౌలానా ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ (రహ్మలై) నాయకత్వంలో ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ ఈ అంశాన్ని చర్చించింది. షరీఅత్ ప్రకారం జిబహ్ చేసిన హలాల్ జంతువు అవయవాన్ని వాడవచ్చనీ, ప్రాణమో అవయవమో పోయే ప్రమాదం ఉండి మరో మార్గం లేనప్పుడు ఇతర జంతువులదీ వాడవచ్చనీ, అంతటి ప్రమాదం లేనప్పుడు పంది భాగాలు తగవనీ తేల్చింది.

సోదరులారా! పంది గుండె మార్పిడి మన ఊళ్ళకు రాలేదు. కానీ వాల్వు, హెపారిన్ వచ్చాయి. ప్రపంచంలో వాడే హెపారిన్‌లో అధికభాగం పంది పేగుల నుండి తీసినదే. డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా దానిని ఇస్తారు. దానిని సాకుగా చూపి ఎవరూ డయాలిసిస్ ఆపరాదు. వాల్వు విషయంలో ముందుగా వైద్యుణ్ణి అడగండి: ఆవు లేదా ఎద్దు గుండె పొరతో చేసినవి ఉన్నాయి, లోహంతో చేసినవీ ఉన్నాయి. లోహపు వాల్వుకు జీవితాంతం రక్తాన్ని పలుచబరచే మందు అవసరం. అది అందరికీ సరిపడదు. సరిపడే ప్రత్యామ్నాయం ఉంటే దానినే ఎంచుకోండి. లేనప్పుడు, నమ్మకమైన వైద్యుడు అవసరమని చెప్పినదానిని నిశ్చింతగా స్వీకరించండి. అనుమతి అవసరం ఉన్నంత మేరకే. అవసరం ఉన్నచోట మాత్రం దానిని నిరాకరించి ప్రాణం పోగొట్టుకోవడం భక్తి కాదు.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. మా వైద్యులకు నిజాయితీని, మాకు ధర్మజ్ఞానాన్ని అనుగ్రహించు. ఆమీన్.