పాలమూరి కిన్నెర



చరిత్ర యనగానే మనకు శాసనములు, దుర్గములు, రాజవంశావళులు జ్ఞప్తికి వచ్చును. పానుగల్లు దేవాలయములకడ నిలిచిన శాసనములు చరిత్రయే. దేవరకొండ కోటరాళ్లును చరిత్రయే. అయితే రాతిమీద తన పేరు చెక్కించుకొను శక్తి లేనివాని చరిత్ర యెక్కడ నున్నది? మన పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో నది పాటలయందును, ఆ పాటలను మోసిన వాద్యములయందును గలదు. అట్టి వాద్యములలో కిన్నెరను గూర్చి నేడు మనవి చేయుదును. నేను కిన్నెరకు పక్షపాతిని. ఆ సంగతి ముందుగనే చెప్పుచున్నాను. నా మాటలను తూచి గ్రహించుట మీ వంతు.

కిన్నెర యనగా నొక వెదురు దండము, దానికి గట్టిన యెండు సొరబుర్రలు, పైన మైనముతో నతికిన మెట్లు, వానిమీదుగా సాగిన తంతి. చూచుటకు బీదవాద్యము. కాని దీని వంశము చిన్నది కాదు. పదుమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువునందుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున కిన్నరీవీణను వర్ణించి, లఘ్వి యనియు బృహతి యనియు భేదములు చెప్పినాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కథ గూర్చినాడు. ఆ భక్తునకు పేరే కిన్నెరవలన వచ్చినది. ఆ కవియే పండితారాధ్యచరిత్రమందలి పర్వతప్రకరణమున తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగు జనుల పాటలను పేర్కొన్నాడు. ఆ ప్రకరణమున వర్ణితమైన శ్రీశైలమున కెదురుగా, కృష్ణకు మనవైపు నున్నదే అమరాబాదు మెట్ట. శాస్త్రమునను, కావ్యమునను నెలకొన్న యీ వాద్యము మన యింటి పొరుగుననే యున్నదన్నమాట.

ఇప్పుడు దీనిని కాపాడినవా రెవ్వరో విచారింతము. పండితులు వీణకు పీఠము వేసిరి. కిన్నెరకు చెట్టునీడయే దక్కినది. మన సీమలో దానిని విడువక పట్టుకొన్నవారు డక్కలివారు. వారు మాదిగలకు ఆశ్రితులై, జాంబపురాణమును, కులకథలను గానము చేసి, వారిచ్చిన దానితో బ్రదికిరి. ఊరు వెలివాడను దూరముగా నుంచినది. ఆ వాడకును దూరముగా నిలువవలసివచ్చినవారు డక్కలివారు. శార్ఙ్గదేవుని గ్రంథమును మేము బీరువాలలో దాచితిమి. ఆ గ్రంథమునందలి వాద్యమునకు బంధువైన దానిని వారు భుజముపై మోసిరి. ఈ రెంటిలో నేది గొప్ప రక్షణమో వేరుగా చెప్పనక్కరలేదు.

కిన్నెరపై పాడు కథలలో పాలమూరున మిక్కిలి ప్రసిద్ధమైనది పండుగ సాయన్న కథ. నిజాము పాలనలో ధనికుల గాదెలను కొల్లగొట్టి, ఆ ధాన్యమును బీదలకు పంచినవాడని, తుదకు పాలకులచే జంపబడినవాడని ఆ పాట చెప్పును. సర్కారు దృష్టిలో దొంగ, పాటలో దాత. పాటను చరిత్రగా నెట్లు స్వీకరింతుమని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. పాటలో తేదీ యుండదు, లెక్క యుండదు. సాయన్న యెన్ని పుట్ల ధాన్యము పంచెనో కిన్నెర చెప్పజాలదు. కాని యాకలిగొన్న జనులు ఎవ్వనిని తమవానిగా నెంచిరో, ఎవ్వనికై కన్నీరు విడిచిరో యది చెప్పును. ఈ సమాచారము తహసీలు దఫ్తరములలో దొరకదు.

నల్లగొండలో 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ సాయుధపోరాటమునందును పాటయే ముందు నడచినది. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పల్లెబాణీలతోనే పాటలు గట్టిరి. అయితే ఆ పాటలకు వెనుక నొక పార్టీ యుండెను, పిదప అచ్చుపుస్తకములును వచ్చినవి. సాయన్నకు కిన్నెర తప్ప వేరు దిక్కు లేకుండెను. అది పోయినచో నతడును పోవును.

మన కాలపు విద్వాంసులను గూర్చి నా యభిప్రాయము చెప్పెదను. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలమువారగు దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించువారు. 2021లో భీమ్లా నాయక్ చలనచిత్రపు పాటతో లోకమునకు దెలిసిరి. 2022లో పద్మశ్రీ వచ్చినది. ఆ చలనచిత్రపు పాట విని కిన్నెరను విన్నామనుకొనుట వాకిట నిలిచి యిల్లు చూచితిమనుట వంటిది. కథ సాగునప్పుడు వినవలెను: కంఠము ప్రశ్నవేయును, తంతి యౌనని పలుకును. నారాయణపేట జిల్లా దామరగిద్దవారగు దాసరి కొండప్పగారు బుర్రవీణ విద్వాంసులు. 2024లో వారికిని పద్మశ్రీ వచ్చినది. వారి గానము తత్త్వప్రధానమైనది, నిదానమైనది. వీరరసమునకు మొగులయ్యగారిని, శాంతమునకు కొండప్పగారిని వినవలెనని నా తీర్పు. ఒప్పనివారు వాదమునకు రావచ్చును!

కాని బిరుదము కడుపు నింపదు. పద్మశ్రీ వచ్చిన పిమ్మటను మొగులయ్యగారు హైదరాబాదు సమీపమున కూలిపని చేయుచుండిరని 2024లో పత్రికలు వ్రాసినవి. తండ్రికే కూడు పెట్టని విద్యను కొడుకేల నేర్చును? పూర్వము కల్లమున నాశ్రితులకు పాలు కొలిచెడివారు. అందు ధాన్యముతోపాటు అవమానమును కలిసి యుండెను. ఆ యవమానము మరల వలదు. ధాన్యమునకు మారుగా న్యాయమైన వేతనము, గడపలోపల గౌరవాసనము కావలెను.

పెద్దలారా! ఇది ప్రభుత్వముచేతనే తీరు పని కాదు. మీ యూరి జాతరలో నొక రాత్రిని కిన్నెర కథకు విడువుడు. సంభావన ముందుగనే నిర్ణయింపుడు. బడిపిల్లలను ముందు వరుసలో గూర్చుండబెట్టి, విన్న కథను మరునాడు వ్రాయింపుడు. రాజుల చరిత్రను రాయి కాచును. సాయన్న చరిత్రను గాచునది మన చెవియే. ఆ చెవిని మూయకుందుము గాక!