నెగెటివు చెప్పిన సాక్ష్యము

పొగను జూచి నిప్పును ఊహించుట తర్కశాస్త్రము చూపిన మార్గము. ఛాయాగ్రాహకులు నెగెటివు మీది గీతను జూచి దాని కారణమును తెలిసికొనుటయు ఇట్టిదే.

ఫిలుము పొడవునా, ప్రతి చిత్రములోను ఒకే చోట తిన్నగా సాగిన గీత కనబడినచో, దోషము ఫిలుము నడచిన దారిలో నున్నదని గ్రహింపవలెను. డబ్బీ మూతికడనో, కెమేరాలో ఫిలుమును అదిమిపట్టు పలకమీదనో ఇసుకరేణువు చిక్కుకొనియుండును. ఒకటి రెండు చిత్రములలో మాత్రమే అడ్డదిడ్డముగా పడిన గీతలు సాధారణముగా కడిగిన పిదప మోటుగా పట్టుకొనుటవలన కలుగును. కడిగిన ఫిలుమున మందుపూత గీచుకొని వెండి లేచిపోయినచో ప్రింటులో నల్లగీత వచ్చును; వెనుకవైపు గీటుపడినచో వెలుతురు చెదరి తెల్లగీత వచ్చును. కొమ్మలు వేసిన మెరుపువంటి గుర్తు, పొడిగాలిలో ఫిలుమును వేగముగా త్రిప్పినపుడు పుట్టిన విద్యుత్తు చేసినది. క్రమముగల గుర్తునకు క్రమముగల కారణమును వెదకవలెననుట ఈ విద్యకు మూలసూత్రము.

ఈ సూత్రము ఒక చిరకాలపు నిందను ప్రశ్నించిన ఉదంతము కలదు. 1944 జూన్ 6న మిత్రరాజ్యముల సేనలు ఫ్రాన్సులోని నార్మండీ తీరమున దిగినపుడు, రాబర్టు కాపా అను ఛాయాగ్రాహకుడు సైనికులతోపాటు ఒమాహా తీరపు నీటిలో దిగి చిత్రములు తీసెను. ఆ ఫిలుములను లండనులోని లైఫ్ పత్రిక కార్యాలయమున కడిగిరి. జూన్ 19 నాటి సంచికలో కొన్ని చిత్రములు వెలువడినవి. అయితే చీకటిగదిలోని పనివాడు తొందరపడి ఆరబెట్టు పెట్టెలో వేడి హెచ్చించుటచే పూత కరగిపోయి, నాలుగు చుట్టలకు పదకొండు చిత్రములే దక్కెనని కథ వ్యాపించెను. 1947లో వెలువడిన తన గ్రంథమున కాపాయు చీకటిగదినే తప్పుపట్టెను. దక్కిన చిత్రములు ఫిలుము అంచు రంధ్రములమీదికి జరిగియుండుటయే పూత కరగి జారినదనుటకు నిదర్శనమని కొందరు చెప్పిరి.

2014 నుండి ఏ. డి. కోల్మన్ అను అమెరికా విమర్శకుడును, ఆయన తోడి పరిశోధకులును ఈ కథను పరీక్షించిరి. కరగిన పూత ప్రతి చిత్రములోను ఒకే అంచునకు, ఒకే తీరున జారునా? కాపా వాడిన కాంటాక్సు కెమేరాలో కొడాక్ డబ్బీ సరిగా అమరక ఫిలుము కొంచెము ప్రక్కకు ఒదిగినందున ఆ గుర్తు ఏర్పడినదని వారు వాదించిరి. ఆనాటి ఫిలుము పూత అట్టి వేడికి కరగదని ప్రయోగపూర్వకముగా చూపిరి. నాడు లండనులో చిత్రసంపాదకుడైన జాన్ మోరిస్ సైతము, కాపా ఆ తీరమున తీసినవి ఆ పదకొండే కావచ్చునని 2014లో ఒప్పుకొనెను.

1954లో ఇండోచైనాలో మందుపాతర ప్రేలి ప్రాణము గోల్పోయిన కాపా ధైర్యమునకు ఇందువలన లోటు రాదు. గుండ్ల వర్షములో తీసిన ఆ పదకొండు చిత్రములే ఆయన కీర్తికి చాలును. కాని డెబ్బది యేండ్లు ఒక సామాన్యుడైన పనివాడు నింద మోసెను. అతని పక్షమున సాక్ష్యము పలికినది మనుష్యుడు కాదు, ఫిలుము అంచు. గొప్పవారు చెప్పినను, అచ్చులో పడినను, కథను వస్తువుతో సరిచూచుకొనుటయే చరిత్ర చదువువారి ధర్మము.