పత్రిలో లేని పత్తి

వినాయక చవితి పూజలో 21 పత్రులుంటాయి. మాచీపత్రం, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, జమ్మి, రావి, జిల్లేడు... ఒక్కో ఆకుకీ ఒక్కో నామం చదివి సమర్పిస్తారు. విషపు ఉమ్మెత్తకి కూడా అందులో చోటుంది. గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళలో కనుచూపుమేర పెరిగే పత్తికి లేదు. పూజకు పనికొచ్చే మొక్కల గురించి రాసేవాళ్ళు కూడా తులసితో మొదలుపెట్టి రావి, వేప, ఉసిరి దగ్గర ఆపేస్తారు.

మరి పత్తి లేకుండా ఏ పూజ జరుగుతుంది? దీపంలో ఒత్తి పత్తి. వ్రతంలో దేవతకి ఇచ్చే వస్త్రయుగ్మం చాలా ఇళ్ళలో పసుపు, కుంకుమ అద్దిన దూదే. జంధ్యం పత్తి నూలు. నోము పట్టిన చేతికి కట్టుకునే తోరం పత్తి దారం. దీపం చూపేటప్పుడు చదివే శ్లోకంలో నెయ్యి ఉంది, మూడు వత్తుల లెక్క ఉంది, నిప్పు ఉంది. ఆ వత్తి చేసిన చెయ్యి లేదు.

తులసి దళం తుంచి పెడితే చాలు. పత్తి అలా కాదు. కాయ పగలాలి, దూది ఏరాలి, గింజ తియ్యాలి, ఏకాలి, చేతిలో నలిపి పొడుగ్గా సాగదీయాలి. ఆకుకి దక్కిన నామం దూదికి దక్కకపోవడానికి కారణం ఈ చాకిరీలోనే ఉందని నా అనుమానం. అది ఎవరి చాకిరీ అన్నది ఇంకా ముఖ్యం.

మా అమ్మమ్మ వాళ్ళక్కని మేం పెద్దమ్మమ్మ అనేవాళ్ళం. వాళ్ళది పర్చూరు వైపు పల్లె. ఆ ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది, 1970లో ఒంగోలు జిల్లాలోకి (తర్వాత ప్రకాశం అయింది), 2022లో బాపట్లలోకి వెళ్ళింది. జిల్లాలు మారినంత సులువుగా ఆడవాళ్ళ బతుకులు మారలేదు లెండి. పదహారేళ్ళకే భర్త పోయిన పెద్దమ్మమ్మ మిగిలిన కాలమంతా ఒత్తులు చేసింది. చేతికి కాస్త విభూతి రాసుకుని, నూరేసి చొప్పున కట్టలు కట్టేది. లక్షవత్తుల నోము పట్టిన బంధువులందరికీ ఆవిడే దిక్కు. రోజుకి నూరు చేస్తే లక్షకి వెయ్యి రోజులు, మూడేళ్ళకి కాస్త తక్కువ. పుణ్యం నోము పట్టినవాళ్ళది. శ్రావణ శుక్రవారం మా వరలక్ష్మి ముందు వెలిగేవీ ఆవిడ ఒత్తులే. పేరంటాళ్ళు వచ్చే వేళకి మాత్రం వెనక వసారాలోకి వెళ్ళిపోయేది. ఎవరూ వెళ్ళమనేవాళ్ళు కాదు. ఆ అవసరం ఉండేది కాదు.

ఒత్తుల పని ఆవిడలాంటి వాళ్ళకే ఎందుకు మిగిలింది? దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు నూలు వడకడం కూడా ఇంట్లో ఆడవాళ్ళ పనే. వేరే ఆధారం లేని వితంతువుకి రాట్నం నాలుగు డబ్బులిచ్చేది. ఇంగ్లండు మిల్లు నూలు వచ్చి ఆ రాబడిని మింగేసింది. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డాయి. మన ప్రాంతపు పత్తికి, ఓడలెక్కిన కాకినాడ రేవు పేరు మీద, వ్యాపారంలో 'కోకనాడ' అన్న పేరు స్థిరపడింది. దూది అటు వెళ్ళింది, నూలు ఇటు వచ్చింది. రాట్నం అటకెక్కినా ఒత్తి పోలేదు. దానికి అప్పట్లో యంత్రమూ లేదు, కూలీ కూడా లేదు కదా.

1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. వడకడం దేశసేవ అయింది, వడికిన స్త్రీ సభలకొచ్చింది. మరుసటి ఏడు ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరులో స్త్రీల కోసం శారదా నికేతనం పెట్టారు. అక్కడిదాకా వెళ్ళగలిగిన వితంతువుకి చదువు దొరికింది. వెళ్ళలేనివాళ్ళు వసారాల్లో ఒత్తులు చేస్తూనే ఉన్నారు. అదే దూది, అవే వేళ్ళు. నూలుకి వచ్చిన గౌరవం ఒత్తికి రాలేదు.

తర్వాత సంకర పత్తి వచ్చింది. 1972లో ధార్వాడలో తయారైన రకానికి పెట్టిన పేరు వరలక్ష్మి! ఆ విత్తనం కోసం సాయంత్రం మొగ్గల్లో పుప్పొడి తీసేసి, మర్నాడు పొద్దున్నే పువ్వు పువ్వుకీ వేరే పుప్పొడి అద్దాలి. సంకర విత్తనపు చేలల్లో ఈ పనికి ఆడవాళ్ళని, బడికి పోవలసిన ఆడపిల్లల్ని పెట్టారు. పత్తి ఏరేదీ ఆడవాళ్ళే, ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల వాళ్ళు. పత్తికీ, మిరపకాయల కోతకీ కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో వలస వస్తారు. వాళ్ళలో ఎందరినో తరతరాలుగా గర్భగుడి దరిదాపులకి రానివ్వలేదు. వాళ్ళు ఏరిన దూది మాత్రం ఏ అడ్డూ లేకుండా లోపలికి వెళ్ళి వెలిగింది.

1987-88లో తెల్లదోమ పడింది. మందుల మీద మందులు కొట్టారు. పంట పోయి అప్పు మిగిలి, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. చాలామంది తాగింది ఆ పురుగుమందే. పత్తి వల్ల వితంతువులైన స్త్రీలని కూడా ఆచారం పెద్దమ్మమ్మ కూర్చున్న వసారాలోనే కూర్చోబెట్టింది.

అలాంటి ఆవిడ ఒకరు మా వీధిలో ఉన్నారు. కార్తీక పౌర్ణమికి 365 ఒత్తుల కట్ట బజార్లో కొనుక్కుంటారు. ఇంట్లో ఎందుకు చెయ్యరని అడిగితే, "దూది చూస్తే షావుకారు గుర్తొస్తాడమ్మా" అన్నారు. పోయిన శ్రావణంలో కొందరం కలిసి ఆవిడని పేరంటానికి పిలిచాం. వచ్చారు. బొట్టు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు. తాంబూలం మాత్రం తీసుకుని, అందరితోపాటు ముందుగదిలోనే చాలాసేపు కూర్చున్నారు.