తిథి తెలిసిన అతిథి

తిథి చెప్పక వచ్చువాడు అతిథి యని మనవారందురు. నేనిపుడు చెప్పబోవు అతిథి రాకకు మాత్రము తిథి మిగిలియున్నది. అదియే యీ కథకు ప్రాణము.

1054వ సంవత్సరము జూలై 4వ తేదీ తెల్లవారుజామున, చీనాదేశపు సుంగ్ చక్రవర్తి కొలువులోని జ్యోతిష్కులు, మనము వృషభరాశి యనుచోట, మున్నెన్నడు నెరుగని చుక్కనొకదానిని చూచిరి. అట్టివానిని వారు ‘అతిథి నక్షత్రము’ లనెడివారు. అది 23 దినములు పట్టపగలే కనబడెను. రాత్రులందు 1056 ఏప్రిల్ వరకును నిలిచెను. రాజునకు శుభాశుభములు చెప్పుటకై వారు ఆకాశమును కాచుచుండిరి. ఆ ఫలములతో నాకు పనిలేదు. వారు వ్రాసిన తేదీతోనే పని.

1731లో జాన్ బెవిస్ అను ఆంగ్ల వైద్యుడు అచ్చట నొక మసక వెలుగును కనిపెట్టెను. పిమ్మట రోస్ ప్రభువు గీసిన చిత్రము పీతను పోలియుండుటచే దానికి పీత నీహారిక యని పేరు వచ్చెను. నా చిన్న దుర్భిణిలో పీతయు లేదు, కాళ్లును లేవు, పొగమరక మాత్రమే. 1921లో జాన్ డంకన్ కొన్నియేండ్ల యెడముతో తీసిన ఛాయాచిత్రములను సరిపోల్చి, ఆ మరక విస్తరించుచున్నదని చూపెను. ఆ వేగముతో వెనుకకు లెక్కించిన ఏమగును? ఇంచుమించు 900 ఏండ్ల క్రిందట అది యొక్క బిందువై యుండవలెను! 1928లో ఎడ్విన్ హబుల్ దీనిని 1054 నాటి చుక్కతో ముడివెట్టెను. చీనావారి వ్రాత లేకున్న, ఈ లెక్కకు సాక్షి యెవరు?

సూర్యునికి ఎనిమిదిరెట్లు మించిన బరువుగల నక్షత్రము హైడ్రోజనుతో మొదలిడి, ఒకదాని బూడిదను మరియొకదానికి కట్టెగా వాడుకొనుచు, తుదకు ఇనుము కడకు వచ్చును. ఇనుము కలియుటవలన వేడిమి పుట్టదు, పైపెచ్చు ఖర్చగును. అంతట ఆ యినుప గర్భము ఒక్క సెకండైనను పట్టకుండ లోనికి కూలును. పైపొరలు వెలుపలికి చెదరును. లోన మిగులునది న్యూట్రానుల ముద్దయని 1934లో బాడే, జ్వికీ అనువారు ఊహించిరి. చాలకాలమది ఊహగానే యుండెను.

1968లో ఆ నీహారిక నడుమనుండి సెకండునకు ముప్పదిమారులు కొట్టుకొను రేడియో నాడి వినవచ్చెను. సూర్యుని మించిన బరువు, ఇరువది కిలోమీటర్ల అడ్డుకొలత!

ఒక్కమాట. ఆ వెలుగు మనకు చేరుటకు సుమారు 6,500 ఏండ్లు పట్టినది. కావున చీనావారు వ్రాసినది అతిథి వచ్చిన తిథియే కాని, ఇల్లు వెడలిన తిథి గాదు. ఆ ముద్ద తిరుగుడు దినదినమును మందగించుచున్నది. అది కోల్పోవు శక్తియే ఆ మరకను నేటికిని వెలిగించుచున్నది.